పాఠం 11 : పాత పెద్ద మిషన్లో దారం బిగువు వదిలే పిన్ను – దాన్ని సరిచేసుకోవడం



బాబిన్ కేసు మీదున్న చిన్న స్క్రూ తిప్పి కింది దారం బిగువు సరిచేయడం వెనకటి పాఠంలో నేర్చుకున్నారు. పై దారం డిస్కుల ముందున్న నట్టు తిప్పడం కూడా మీకు తెలుసు. ఈ రెండూ సరిగ్గా ఉన్నా ఒక్కొక్కప్పుడు కుట్టు పాడవుతుంది. అదీ ఎప్పుడూ పాడవదు, కొన్ని చోట్లనే పాడవుతుంది. అటువంటి లోపం పట్టుకోవడం కష్టం. ఎందుకంటే మెకానిక్కు వచ్చి పలచని గుడ్డ మీద కుట్టి చూపించినప్పుడు మిషను చక్కగా కుడుతుంది. ఆయన డబ్బు తీసుకుని వెళ్ళిన తరువాత మళ్ళీ మొదటికి వస్తుంది.

ఈ పాఠం చదివి, మిషను దగ్గర కూర్చుని చేసి చూసిన తరువాత, ఫుట్ ఎత్తినప్పుడు పై దారం ఎలా వదులవుతుందో మీరు చెప్పగలుగుతారు. అది వదలవలసిన సమయానికి వదులుతున్నదో, ముందే వదిలేస్తున్నదో, అసలు వదలడం లేదో పరీక్షించగలుగుతారు. మామూలు స్క్రూడ్రైవరుతో దాన్ని మీరే సరిచేసుకోగలుగుతారు.

11.1 తిరిగి వచ్చిన సంచులు

మీరు ఖరగ్‌పూర్‌లో, తాల్‌బగీచాలో ఉంటున్నారనుకోండి. బెంగాలీలో 'తాల్' అంటే తాడి, 'బగీచా' అంటే తోట. మన వాళ్ళైతే తాటితోపు అనేవారు. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. ఆ తరువాత ఖరగ్‌పూర్ జంక్షనూ, వర్క్‌షాపూ వచ్చాయి. వాటి వెంట శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పనికోసం వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డాయి. మీ తాతగారు వర్క్‌షాపులో ఇనుము పని చేశారు. మీరు వరండాలో మిషను పెట్టుకుని గుడ్డ పని చేస్తున్నారు.

గోల్‌బజార్‌లో ఒక దుకాణం మూసేస్తూ ఉంటే నల్లని పాత సింగర్ మిషను ఒకటి, బల్ల, మోటారుతో సహా కొన్నారు. ఇంట్లో తొక్కుకునే చిన్న మిషను కాదు. దర్జీ దుకాణాల్లో రోజంతా నడిచే పెద్ద రకం. జాకెట్లు, లంగాలు, స్కూలు చొక్కాలు కుట్టారు. ఏ ఇబ్బందీ లేదు. తరువాత జీన్ గుడ్డతో బడి సంచులు 40 కుట్టే పని దొరికింది. సంచికి ఇంత అని లెక్క. కుట్టి ఇచ్చారు. వారం తరువాత 11 సంచులు తిరిగి వచ్చాయి. పట్టీ సంచికి అతికిన చోట, పుస్తకాల బరువుకు కుట్టు విడిపోయింది. ఆ పదకొండింటికీ కూలి ఇవ్వరు. విప్పి మళ్ళీ కుట్టాలి, దారం ఖర్చు మీదే. పై నెల పని ఇస్తారో లేదో తెలియదు.

పక్క వీధిలో మీరు మావయ్య అని పిలిచే పెద్దాయన ఒకరు ఉన్నారు. ముప్పై ఏళ్ళు మిషను తొక్కిన మనిషి. ఆయనకు ఒక సంచి చూపించారు.

"బాబిన్ స్క్రూ బిగించాను మావయ్యా. పైన నట్టు కూడా బిగించాను. అయినా కింద ఉచ్చులు పడుతున్నాయి."

"స్క్రూ జోలికి వెళ్ళకమ్మా ముందు. ఉచ్చులు ఎక్కడ పడ్డాయో చూడు."

"కింది వైపు."

"కింది వైపు అంటే పై దారం లూజు. బాబిన్ తప్పు కాదు. మరి సంచి పొడుగునా పడ్డాయా?"

తిప్పి చూశారు. సంచి పక్క కుట్టు తిన్నగా, గట్టిగా ఉంది. పట్టీ అతికిన చోట, గుడ్డ మడతలు మందంగా ఉన్న ఆ అంగుళం మేరనే కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. దాటి పక్కకు రాగానే మళ్ళీ మామూలు కుట్టు.

"అదీ సంగతి. మందం మీద ఎక్కినప్పుడే వదిలేస్తోంది."

పెద్దాయన చెప్పినది ఏమిటో అర్థం కావాలంటే డిస్కుల వెనక ఏముందో చూడాలి.

11.2 డిస్కుల వెనక ఏముంది?

పై దారం రీలు నుంచి బయలుదేరి సూది దాకా వచ్చే దారిలో రెండు గుండ్రని రేకు డిస్కుల మధ్య నుంచి పోతుంది. వాటి ఉబ్బెత్తు ముఖాలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. బయటి వైపు నుంచి ఒక స్ప్రింగు వాటిని ఎప్పుడూ నొక్కుతూ ఉంటుంది. స్ప్రింగు ముందు నట్టు ఉంటుంది. నట్టు బిగిస్తే స్ప్రింగు ఎక్కువగా నొక్కుతుంది, దారం మీద బిగువు పెరుగుతుంది. ఇంతవరకు మీకు తెలిసినదే.

ఇప్పుడు నట్టు పూర్తిగా విప్పి, స్ప్రింగు తీసి, ఒక తెల్లగుడ్డ మీద వరసగా పెట్టండి. ఏది ముందు వచ్చిందో, ఏది తరువాత వచ్చిందో అదే వరసలో పెట్టాలి. స్ప్రింగుకు, డిస్కులకు మధ్య ఒక వాషరు కనిపిస్తుంది. మామూలు వాషరుకు నడుమ కన్నం ఖాళీగా ఉంటుంది. దీనికి మాత్రం కన్నానికి అడ్డంగా సన్నని పట్టీ ఉంటుంది. డిస్కులు తగిలించిన మేకును చూడండి. అది నిలువునా మధ్యకు చీలి ఉంటుంది. వాషరు అడ్డపట్టీ ఆ చీలికలో కూర్చుంటుంది. మేకు నడుమ సన్నని సొరంగం వంటిది ఉంది. దానిలో ఒక ఉక్కు పిన్ను ఉంటుంది. పిన్ను ముందు కొన అడ్డపట్టీని తాకుతుంది. వెనక కొన మిషను తలలోపల ఒక చిన్న లీవరును ఆనుకుని ఉంటుంది.

వెనక ఉన్న పిడి గాని, మోకాలితో నెట్టే లిఫ్టరు గాని ఉపయోగించి ఫుట్‌ను పైకి ఎత్తండి. ఫుట్ కడ్డీ పైకి లేస్తూ లోపలి లీవరును కదుపుతుంది. లీవరు పిన్నును ముందుకు తోస్తుంది. పిన్ను వాషరు అడ్డపట్టీని తోస్తుంది. వాషరు స్ప్రింగును వెనక్కు నెడుతుంది. డిస్కుల మీద ఒత్తిడి పోతుంది. దారం తేలికగా జారుతుంది.

బట్టలు ఆరేసే క్లిప్పును గుర్తు తెచ్చుకోండి. క్లిప్పు స్ప్రింగు ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది. మీరు వేళ్ళతో నొక్కితేనే వదులుతుంది. డిస్కులూ అంతే. పట్టుకోవడం వాటి స్వభావం. వదిలించడానికి పిన్ను కావాలి.

వదిలించవలసిన అవసరం ఏమిటి? కుట్టు అయిపోయాక ఫుట్ ఎత్తి గుడ్డను వెనక్కు లాగుతారు. డిస్కులు అప్పుడు కూడా పట్టుకుని ఉంటే దారం రాదు. సూది వంగుతుంది, లేకపోతే దారం సూది దగ్గరే తెగి, తోక పొట్టిగా మిగులుతుంది. మళ్ళీ కుట్టు మొదలుపెట్టగానే ఆ పొట్టి తోక సూదిలోంచి ఊడిపోతుంది. రోజుకు వంద ముక్కలు కుట్టేవారికి వందసార్లు దారం ఎక్కించవలసి వస్తుంది.

11.3 ఫుట్‌ను ఎత్తింది ఎవరు?

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. ఫుట్‌ను ఎత్తింది మీ చెయ్యా, గుడ్డ మందమా అన్నది మిషనుకు తెలియదు. ఫుట్ కడ్డీ పైకి లేచింది, అంతే. లేస్తే లీవరు కదులుతుంది, లీవరు కదిలితే పిన్ను తోస్తుంది.

లెక్క వేసి చూద్దాం. చేతి పిడితో ఎత్తితే ఈ రకం మిషన్లలో ఫుట్ సుమారు 6 మిల్లీమీటర్లు లేస్తుంది. మోకాలి లిఫ్టరుతో ఇంకా ఎక్కువ లేస్తుంది. గుడ్డను జరిపే పళ్ళు ప్లేటు మీదికి వచ్చినప్పుడు ఫుట్‌ను ఎలాగూ ఒక మిల్లీమీటరు దాకా ఎత్తుతాయి. జీన్ గుడ్డ ఒక పొర సుమారు ముప్పాతిక మిల్లీమీటరు ఉంటుంది. సంచి అంచు మడత రెండు పొరలు, పట్టీ మడిచింది నాలుగు పొరలు, లోపల బలానికి వేసిన ముక్క రెండు పొరలు. మొత్తం ఎనిమిది పొరలు, అంటే 6 మిల్లీమీటర్లు. ఫుట్ నొక్కుడుకు కొంత అణిగినా 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే పట్టీ మీద కుడుతున్నంతసేపూ ఫుట్ దాదాపు మీరు చేత్తో ఎత్తినంత ఎత్తున ఉంది.

పిన్ను 3 మిల్లీమీటర్ల దగ్గరే తోయడం మొదలుపెడితే ఏమవుతుంది? చొక్కా గుడ్డ మీద ఏమీ తెలియదు. సంచి పక్క కుట్టు మీదా తెలియదు. పట్టీ మీద ఎక్కగానే డిస్కులు విడిపోతాయి. పై దారానికి బిగువు ఉండదు. బాబిన్ దారం దాన్ని కిందికి లాగేస్తుంది. కింద ఉచ్చులు పడతాయి. నట్టు ఎంత బిగించినా ఉపయోగం తక్కువ. నట్టు స్ప్రింగును నొక్కుతుంది గాని, పిన్ను ఆ స్ప్రింగునే వెనక్కు తోసి పెడుతోంది. పైగా నట్టు బిగించడం వల్ల పలచని చోట్ల గుడ్డ ముడతలు పడడం మొదలవుతుంది. ఒక లోపం రెండవుతాయి.

సంచిలో ఎక్కువ బరువు పడే చోటు పట్టీ అతుకే. మిషను వదిలేసేది కూడా అక్కడే. పదకొండు సంచులు అక్కడే విడిపోవడానికి కారణం ఇదే.

11.4 పాత మిషన్లు ఒకలాగ ఉండవు

మీ మిషను ఎక్కడిదో కొంచెం తెలుసుకుంటే మంచిది. సింగర్ కంపెనీ స్కాట్లాండులో క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్ళో, కిల్బోవీ అనే చోట పెద్ద కర్మాగారం కట్టింది. అది 1885లో తెరిచారు, 1980లో మూసేశారు. మిషను మీద '31కె' వంటి నంబరు ఉంటే ఆ 'కె' కిల్బోవీని సూచిస్తుంది. అక్కడ కర్మాగారం పోయినా దాని పేరు పెట్టిన రైల్వే స్టేషను మాత్రం ఇప్పటికీ 'సింగర్' అన్న పేరుతోనే ఉంది. రైల్వే ఊళ్ళో ఉన్నవారికి ఈ సంగతి నచ్చుతుందని చెబుతున్నాను, పరీక్షలో అడగరు.

మన దగ్గరలో చూస్తే, హౌరా ఖరగ్‌పూర్‌కు సుమారు 115 కిలోమీటర్లు. అవతల కలకత్తాలో ప్రిన్స్ అన్వర్ షా రోడ్డు మీద జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ వారి ఉషా మిషన్ల కర్మాగారం ఉండేది. ఇప్పుడు ఆ చోట సౌత్ సిటీ అనే ఎత్తైన భవనాలు, పెద్ద బజారు ఉన్నాయి. ఇవి గాక జపాను వారి జుకి మిషన్లు కూడా పాతవి చేతులు మారి వస్తాయి.

ఇదంతా ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఒక్కొక్క మిషనులో డిస్కుల అమరిక ఒక్కొక్క చోట ఉంటుంది. కొన్నిటికి ఎడమ చివర ఫేస్ ప్లేటు మీద, కొన్నిటికి మీకు ఎదురుగా తల మీద ఉంటుంది. కొన్నిటికి పిన్ను పొడుగు, కొన్నిటికి పొట్టి. నలభై, యాభై ఏళ్ళు నడిచిన మిషనుకు ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు వేరే మిషను పిన్నో, వేరే డిస్కుల అమరికో తెచ్చి వేసి ఉంటారు. దొరికింది వేశారు, పని జరిగింది. అందువల్ల కొత్త మిషనుకు రాసిన కొలతలు మీ మిషనుకు సరిపోవు. మీ మిషనునే అడిగి తెలుసుకోవాలి. పరీక్ష చేయడమంటే అదే.

పాఠ్యాంశ ప్రశ్నలు 11.1

(అ) గుడ్డ కింది వైపున ఉచ్చులు పడితే ముందుగా ఏ దారం బిగువును అనుమానించాలి?
(ఆ) వాషరుకు అడ్డపట్టీ ఎందుకు ఉంది?
(ఇ) నట్టు బాగా బిగించినా మందమైన చోట ఉచ్చులు పోకపోవడానికి కారణం ఏమిటి?

11.5 పరీక్ష

మోటారు స్విచ్చి ఆపండి. ఆపిన వెంటనే చెయ్యి పెట్టవద్దు. పాత క్లచ్ మోటార్లు స్విచ్చి తీసిన తరువాత కూడా కొంతసేపు తిరుగుతూనే ఉంటాయి. ఆ సమయంలో కాలు పెడలు మీద పడితే సూది దిగుతుంది. మోటారు చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉండండి, లేదా వేళ్ళు దూరంగా ఉంచి ఒకసారి పెడలు తొక్కి మిగిలిన వేగాన్ని ఖర్చు చేయండి.

డిస్కులను మళ్ళీ విప్పిన వరసలోనే బిగించండి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. అడ్డపట్టీ చీలికలో కూర్చున్నదో లేదో చూడకుండా స్ప్రింగు పెట్టేస్తారు. అప్పుడు పిన్ను గాలిలో తోస్తుంది, లేదా వాషరు పక్కకు వాలి డిస్కులు ఒక వైపే నొక్కుకుంటాయి.

దారాన్ని డిస్కుల మధ్య నుంచి, పైకీ కిందికీ ఆడే లీవరు దాకా ఎక్కించండి. సూది కన్నంలో మాత్రం ఎక్కించవద్దు. దారం గట్టిగా లాగవలసి ఉంటుంది, సూది వంగకూడదు.

మొదట ఫుట్ కిందికి దించి, గుడ్డ లేకుండా దారం లాగండి. చేతికి గట్టి పట్టు తెలియాలి. ఇప్పుడు పిడితో ఫుట్ ఎత్తి లాగండి. దారం జారిపోవాలి. ఈ రెండు పరీక్షలూ మెకానిక్కు కూడా చేస్తాడు. మన సంచి మిషను ఈ రెండింటిలోనూ నెగ్గుతుంది. అందుకే లోపం దొరకదు.

మూడో పరీక్ష అసలైనది. మీరు కుట్టే గుడ్డలోంచే చిన్న ముక్కలు పది కత్తిరించండి. రెండు ముక్కలు ఫుట్ కింద పెట్టి, ఫుట్ దించి, దారం లాగండి. తరువాత నాలుగు, ఆరు, ఎనిమిది. ప్రతిసారీ అదే చేత్తో, అంతే మెల్లగా లాగండి. ఎన్ని పొరల దగ్గర చేతికి పట్టు తగ్గిందో నోటుపుస్తకంలో రాసుకోండి. రెండు పొరలకు గట్టి, నాలుగుకు గట్టి, ఆరుకు కొంచెం తేలిక, ఎనిమిదికి పూర్తిగా జారింది అని వచ్చిందనుకోండి. అప్పుడు మీ మిషను ఆరో పొర దగ్గర వదలడం మొదలుపెడుతోంది. మీరు కుట్టవలసినది ఎనిమిది పొరలు. లోపం దొరికింది.

చేతి అంచనా మీద నమ్మకం లేకపోతే, టార్చిలైటు వేసి పక్కనుంచి వాషరును చూస్తూ ఫుట్‌ను మెల్లగా ఎత్తండి. వాషరు కదలడం మొదలుపెట్టిన క్షణంలో ఆపి, ఫుట్‌కు ప్లేటుకు మధ్య ఎడం చూడండి. నాకైతే చేతి పరీక్షే నమ్మకం. కళ్ళకు కనిపించని కదలిక దారానికి తెలుస్తుంది.

11.6 ముందే వదిలే మిషనును సరిచేయడం

డిస్కుల అమరిక మొత్తం మిషను తలలో ఒక కన్నంలో దూర్చి ఉంటుంది. దాన్ని కదలకుండా పట్టుకునేది ఒక చిన్న స్క్రూ. అది కన్నం పక్కన గాని, అంచున గాని, ఫేస్ ప్లేటు విప్పితే లోపల గాని కనిపిస్తుంది. అమరిక లోపలికి ఎక్కువగా దూరి ఉంటే పిన్ను వెనక కొన లీవరుకు మరీ దగ్గరగా ఉంటుంది. ఫుట్ కొంచెం లేవగానే లీవరు వచ్చి తాకుతుంది. అమరికను కొద్దిగా బయటికి లాగితే పిన్నుకు లీవరుకు మధ్య ఎడం పెరుగుతుంది. లీవరు ఆ ఎడం దాటి వచ్చి తాకేసరికి ఫుట్ మరికొంత పైకి లేచి ఉంటుంది. చేయవలసిన పని ఇంతే. చేసే తీరులోనే జాగ్రత్త కావాలి.

ముందుగా అమరిక అంచు మీద, తల మీద కలిపి పెన్సిలుతో ఒక గీత గీయండి. అమరికలో డిస్కుల పక్కన సన్నని తీగ స్ప్రింగు ఒకటి పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది చూడండి. దారం వదులైన క్షణంలో దాన్ని పట్టుకునేది అది. అమరిక గుండ్రంగా తిరిగిపోతే ఆ తీగ ఆడే మేర మారిపోతుంది, కొత్త లోపం వస్తుంది. పెన్సిలు గీత కలిసి ఉన్నంతవరకు ఆ భయం లేదు.

స్క్రూ గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరు తీసుకోండి. సన్నదానితో తిప్పితే గాడి చెరిగిపోతుంది, ఆ తరువాత ఆ స్క్రూ ఎవరికీ లొంగదు. తుప్పు పట్టి ఉంటే కిరసనాయిలు చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. ఖరగ్‌పూర్ వానాకాలం చూసిన మిషనుకు ఒక రాత్రి చాలకపోవచ్చు, రెండో రాత్రి కూడా ఓపిక పట్టండి. స్క్రూను ఊడదీయవద్దు, అర చుట్టు వదులు చేస్తే చాలు.

ఇప్పుడు అమరికను తిప్పకుండా, తిన్నగా అర మిల్లీమీటరు బయటికి లాగండి. అర మిల్లీమీటరు అంటే పోస్టుకార్డును రెండుగా మడిచినంత మందం. స్క్రూ బిగించి మూడో పరీక్ష మళ్ళీ చేయండి. ఆరో పొర దగ్గర వదిలేది ఇప్పుడు ఏడో పొర దగ్గర వదలవచ్చు. ఇంకొంచెం లాగండి. మళ్ళీ పరీక్షించండి. ఎనిమిది పొరల మీద గట్టి పట్టు ఉండి, పిడితో పూర్తిగా ఎత్తినప్పుడు దారం జారితే అక్కడ ఆగిపోండి.

ఒకేసారి ఎక్కువ లాగితే రెండో చిక్కు వస్తుంది. పిడి పూర్తిగా ఎత్తినా లీవరు పిన్నును అందుకోదు. అప్పుడు కొంచెం లోపలికి నెట్టాలి.

అయితే కొన్ని మిషన్లలో అమరిక చివరి మెట్టు దాకా దూరి అక్కడే కూర్చునేలా చేసి ఉంటారు, జరిపేందుకు వీలుండదు. అటువంటి చోట కొందరు ఫుట్ కడ్డీ మీదున్న పట్టా స్క్రూ వదులు చేస్తారు. ఆ పని చేయవద్దు. ఆ పట్టాయే ఫుట్ ఎత్తును, ఫుట్ తిన్నదనాన్ని కూడా నిలిపి ఉంచుతుంది. అది కదిలితే ఫుట్ పక్కకు తిరిగి, సూది దాని మీద పడి విరుగుతుంది. పిన్నును పొట్టి చేయడం నయం. పిన్ను బయటికి తీసి, కొనను ఆకురాయితో పావు మిల్లీమీటరు చొప్పున అరగదీసి, ప్రతిసారీ పరీక్షించాలి. అరిగినది మళ్ళీ పెరగదు గనుక అసలు పిన్నును దాచి, అదే లావు ఉక్కు తీగతో మరొకటి చేయించి దాన్నే అరగదీయడం తెలివైన పని. ఖరగ్‌పూర్‌లో ఇనుము పని తెలిసినవారికి కొదవ లేదు.

మరి పిన్ను తీసి పారేస్తే? చాలామంది పాత దర్జీలు చేసినది అదే. పిన్ను లేకపోతే డిస్కులు ఎప్పటికీ వదలవు, ఎంత మందమైనా కుట్టు గట్టిగా పడుతుంది. టార్పాలిన్లు, క్యాన్వాసు సంచులు తప్ప మరేమీ కుట్టని వారు అలా చేస్తే నేను తప్పుపట్టను. మీరు కుట్టే మందం చేతి పిడి ఎత్తే 6 మిల్లీమీటర్లకు దగ్గరగా వస్తే, రెండు పనులకూ సరిపడే అమరిక ఎలాగూ దొరకదు. కాని పిన్ను తీసినవారు గుడ్డ లాగే ముందు ప్రతిసారీ డిస్కులు దాటాక దారాన్ని వేలితో పట్టి మూడు నాలుగు అంగుళాలు లాగి వదులు పెట్టుకోవాలి. ఉదయం సంచులు, సాయంత్రం జాకెట్లు కుట్టే మీవంటి వారికి అది పనికిరాదు. మరిచిపోయిన ప్రతిసారీ ఒక సూది పోతుంది.

సరిచేయడం అయ్యాక ఒక పని మిగిలి ఉంది. లోపం తెలియక ముందు మీరు బాబిన్ స్క్రూ, పై నట్టు బిగించారు కదా, అవి అలాగే ఉన్నాయి. బాబిన్ కేసును దారంతో పట్టుకుని వేలాడదీయండి. కదలకుండా ఉండి, చెయ్యి కొద్దిగా విదిలిస్తే ఒక అంగుళం జారాలి. ఆ మేరకు స్క్రూ వదులు చేసి, తరువాత పై నట్టును దానికి తగినట్లు తగ్గించండి.

11.7 అసలు వదలని మిషను, ఎప్పుడూ వదిలే ఉండే మిషను

ఫుట్ పూర్తిగా ఎత్తినా దారం రాకపోతే వెంటనే స్క్రూడ్రైవరు పట్టుకోవద్దు. దారం లాగే లీవరు ఎక్కడ ఉందో చూడండి. అది అన్నిటికన్నా పై మెట్టులో లేకపోతే దారం ఇంకా కింద షటిల్ దగ్గర చిక్కుకునే ఉంటుంది. చక్రాన్ని మీ వైపు తిప్పి లీవరును పైకి తెచ్చి లాగండి. సగం మందికి ఇక్కడే లోపం తీరిపోతుంది.

అప్పటికీ రాకపోతే పిన్ను ఇరుక్కుని ఉండవచ్చు. పాత నూనె జిగురై, దానిలో దారపు నూగు పేరుకుంటుంది. పిన్ను బయటికి తీసి కిరసనాయిలుతో తుడిచి, మేకు సొరంగంలో కూడా గుడ్డ పేలిక పోనిచ్చి శుభ్రం చేయండి. ఆరిన తరువాత పిన్నుకు ఒక చుక్క మిషను నూనె రాసి, మిగిలినది తుడిచేయండి. నూనె డిస్కుల మీదికి రాకూడదు. నూనె డిస్కుల మీదికి వస్తే దారం జారుతుంది, తెల్లగుడ్డ మీద మరక కూడా పడుతుంది. పిన్ను స్వేచ్ఛగా కదులుతున్నా వదలకపోతే అమరికను లోపలికి అర మిల్లీమీటరు నెట్టి చూడండి. మోకాలి లిఫ్టరుతో ఎత్తేవారు దాని గొలుసు సాగిపోయిందేమో కూడా చూసుకోవాలి. గొలుసు సాగితే ఫుట్ పూర్తి ఎత్తుకు రాదు.

ఎప్పుడూ వదిలే ఉండే మిషనును గుర్తుపట్టడం తేలిక. పలచని గుడ్డ మీద కూడా కుట్టు పొడుగునా కింద ఉచ్చులే. కారణం పిన్ను ముందుకు వచ్చి అక్కడే బిగుసుకుపోవడం కావచ్చు, అమరిక మరీ లోపలికి దూరడం కావచ్చు. డిస్కుల మధ్య దారపు ముక్క ఇరుక్కోవడం కూడా కావచ్చు. ఫుట్ ఎత్తి పెట్టి, దళసరి నూలుగుడ్డ అంచును డిస్కుల మధ్య అటూ ఇటూ లాగండి, ముక్క బయటికి వస్తుంది. నైలాను దారం ఎక్కువగా కుట్టిన మిషన్లలో డిస్కుల లోపలి ముఖం మీద దారం నడిచిన గాడి పడి ఉంటుంది. గోరు పెట్టి చూస్తే తెలుస్తుంది. గాడి పడిన డిస్కులు మార్చవలసిందే, పిన్నుతో వాటికి సంబంధం లేదు.

చేసి చూడండి

మీ మిషను మీద మూడో పరీక్ష చేసి, ఎన్ని పొరల దగ్గర పట్టు వదిలిందో తేదీతో సహా రాసుకోండి. మీరు సాధారణంగా కుట్టే వాటిలో అన్నిటికన్నా మందమైన అతుకు ఏదో, అది ఎన్ని పొరలో దాని పక్కన రాయండి. వానాకాలం వెళ్ళిన తరువాత అదే పరీక్ష మళ్ళీ చేసి రెండు అంకెలను పోల్చండి. మిషను లేనివారు దగ్గరలో ఉన్న దర్జీ దుకాణానికి వెళ్ళి, అడిగి, అక్కడి మిషను మీద చేయవచ్చు.

పాఠ్యాంశ ప్రశ్నలు 11.2

(అ) దారం పరీక్షించేటప్పుడు సూదిలో ఎందుకు ఎక్కించకూడదు?
(ఆ) అమరికను బయటికి లాగే ముందు పెన్సిలు గీత ఎందుకు గీయాలి?
(ఇ) ఫుట్ ఎత్తినా దారం రాకపోతే అన్నిటికన్నా ముందు ఏమి చూడాలి?
(ఈ) ఒక దర్జీ రోజూ చొక్కాలు కుడతాడు. ఎప్పుడో ఒకసారి ఆరు పొరల బెల్టు కుడతాడు. అతని మిషను ఏడో పొర దగ్గర వదులుతుంది. అతడు అమరికను సరిచేసుకోవాలా?

జవాబులు

11.1 (అ) పై దారం బిగువును. (ఆ) మేకు సొరంగంలోంచి వచ్చిన పిన్ను దాన్ని తోసి, వాషరు ద్వారా స్ప్రింగును వెనక్కు నెట్టడానికి. (ఇ) గుడ్డ మందం ఫుట్‌ను ఎత్తడం వల్ల, నట్టు నొక్కుతున్న స్ప్రింగును పిన్ను వెనక్కు తోసి పెట్టడం.

11.2 (అ) గట్టిగా లాగితే సూది వంగుతుంది గనుక. (ఆ) అమరిక గుండ్రంగా తిరిగితే తీగ స్ప్రింగు ఆడే మేర మారిపోతుంది గనుక. (ఇ) దారం లాగే లీవరు అన్నిటికన్నా పై మెట్టులో ఉందో లేదో. (ఈ) అక్కరలేదు. అతడు కుట్టే మందం కన్నా వదిలే మందం ఎక్కువ. బెల్టు గుడ్డ తన పరీక్షలో వాడిన గుడ్డ కన్నా దళసరి అయితే మాత్రం ఆ గుడ్డ ముక్కలతోనే మళ్ళీ పరీక్షించాలి.